విమానానికి పిడుగు తగిలితే ఆ కరెంటును కొలిచే సెన్సర్లు లేవా? ప్రతి రివెట్టునూ చేత్తో తడిమి చూడవలసిందేనా?

ప్రశ్న: రాజోలు ఫిజిక్స్ మేడం

నేను రాజోలు దగ్గర ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. గత అక్టోబరులో హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరం వస్తున్నప్పుడు, విమానం మబ్బుల్లోంచి దిగుతుండగా, నా పక్క కిటికీ ఒక్కసారిగా తెల్లగా వెలిగిపోయి, ఆ వెంటనే ఎవరో పెద్ద సుత్తితో రేకు మీద కొట్టినట్టు ఒకే ఒక్క చప్పుడు వినిపించింది. లోపల దీపాలు ఆరలేదు, పెద్ద కుదుపు కూడా లేదు. విమానానికి పిడుగు తగిలిందనీ, భయపడవలసిన పని లేదనీ పైలట్ గారు చెప్పారు. కాసేపటికి మధురపూడిలో క్షేమంగా దిగాము.

నా సందేహం ఆ తరువాత చూసినదాని గురించి. మేము మెట్లు దిగి నడిచి వెళ్తుండగానే ఒక టెక్నీషియన్ టార్చిలైటుతో విమానం ముక్కు దగ్గరకు వచ్చి, రివెట్ల వరుస మీద వేళ్లతో మెల్లగా తడుముతూ, అనుమానం వచ్చిన చోటల్లా చిన్న టేపు ముక్క అంటిస్తున్నారు. అదే విమానంలో తిరుగు ప్రయాణం చేయవలసిన మా మరిదిగారు సాయంత్రం దాకా అద్దంలోంచి ఆ పనే చూస్తూ కూర్చున్నారట. ముక్కు నుంచి తోక దాకా, రెక్కల కొనల దాకా ఒక్కొక్క చోటూ చూశారని చెప్పారు.

మా తోటలో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడితే ఎంత కరెంటు పారిందో ఎవరూ కొలవరు. మొవ్వు వాలిపోవడం, మాను మీద ఎర్రటి జిగురు కారడం చూసి, చుట్టుపక్కల చెట్లలో ఏవి దక్కుతాయో, ఏవి పోతాయో నెల తిరిగాక తెలుసుకుంటాము. విమానానికి కూడా అదే పద్ధతా అని మా పిల్లలు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఎన్ని ఆంపియర్లు పారాయో, ఎక్కడ లోపలికి వచ్చి ఎక్కడ బయటికి పోయాయో చెప్పే సెన్సర్లు ఉన్నాయా? ఉంటే ప్రతి విమానానికీ ఎందుకు పెట్టరు? తెలిసినవారు కొంచెం లోతుగా, తరగతిలో చెప్పడానికి వీలుగా వివరిస్తే రుణపడి ఉంటాను.

సమాధానం: పాలకొల్లు హ్యాంగర్

మేడం గారూ, నమస్కారం. నేను ముప్పై ఏళ్లకు పైగా విమానాల మెయింటెనెన్సులో పనిచేసి ఇప్పుడు పాలకొల్లులో ఉంటున్నాను. మీరు చూసిన ఆ వేళ్ల పని నేను వందల గంటలు చేశాను కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. సెన్సర్ల లోపలి సంగతులు నాకన్నా బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

ప్రయాణికుల విమానానికి సగటున ఏడాదికి ఒకసారి పిడుగు తగులుతుందని లెక్క. అయితే మబ్బు నుంచి నేలకు పోయే పిడుగుకు విమానం అడ్డు వెళ్లడం అరుదు. చాలా సందర్భాల్లో, పది కేసులకు తొమ్మిదింటిలో అంటారు, బలమైన విద్యుత్ క్షేత్రంలోకి దూసుకువెళ్లిన విమానమే ఆ పిడుగును పుట్టిస్తుంది. విమానం ఒక కొన నుంచి ఒక వైపుకు, రెండో కొన నుంచి ఇంకో వైపుకు విద్యుత్ పాయలు సాగి, మధ్యలో విమానం వాటిని కలిపే కడ్డీ అవుతుంది. అందుకే ఎప్పుడూ కనీసం రెండు చోట్ల మచ్చలు వెతకాలి: కరెంటు వచ్చిన చోటు ఒకటి, పోయిన చోటు ఒకటి.

కానీ రెండు మచ్చలతో పని అయిపోదు, మీ మరిదిగారు సాయంత్రం దాకా కూర్చోవలసి రావడానికి కారణం కూడా అదే. పిడుగు మొత్తం అర సెకను దాకా సాగవచ్చు. సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతున్న విమానం ఆ అర సెకనులో 50 మీటర్లు ముందుకు జరుగుతుంది, అయితే ఏటీఆర్ 72 అనే చిన్న ప్రయాణికుల విమానం పొడవే సుమారు 27 మీటర్లు. పిడుగు పాయ గాలిలో ఉన్నచోటే ఉంటుంది, విమానం దాని కిందుగా జారిపోతుంది. అందువల్ల ముక్కు దగ్గర తగిలిన పాయ రేకు మీద ఒకచోట అంటుకుని, కాసేపు కాల్చి, వదిలి, వెనక ఇంకోచోట అంటుకుంటూ తోక దాకా పోతుంది. రివెట్టు తల మీద గుండుసూది మొన అంత గుంట, దాని చుట్టూ నీలిరంగు తిరిగిన చిన్న వలయం, అంచున కరిగి గట్టిపడిన పూస: కంటికి ఆనకపోయినా వేలికి తగిలేవి ఇవే. రెక్కల వెనక అంచున, విమానాన్ని తిప్పడానికి కదిలే నియంత్రణ తలాల చివర మచ్చ లోతుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడి నుంచి పాయ ఇంకా వెనక్కి జరగడానికి చోటు ఉండదు.

మచ్చలు చూసినంత మాత్రాన సరిపోదు. దిక్సూచి చూపు మారిందేమో, ఇనుప భాగాలు అయస్కాంతం పట్టాయేమో, లోహ భాగాలను విద్యుత్తు పారేలా కలిపే బాండింగ్ పట్టీలు తెగాయేమో, ముక్కు మీద రాడార్‌ను కప్పే రాడోమ్ అనే తొడుగుకు చిల్లు పడిందేమో కూడా చూడాలి. రెక్కల చివర వెనక్కి పొడుచుకు వచ్చి ఉండే సన్నని పుల్లల వంటి స్టాటిక్ విక్స్ పిడుగును పట్టి పంపించడానికి పెట్టినవని చాలామంది అనుకుంటారు, ఆ మాట సరికాదు. వానచినుకులు, మంచు రాపిడి వల్ల పేరుకునే నిలకడ విద్యుత్తును రేడియోకు గరగర రాకుండా వదిలించడమే వాటి పని. పిడుగు వస్తే అవి కూడా కాలిపోతాయి.

సమాధానం: కాకినాడ హెచ్‌వీ ల్యాబ్

పాలకొల్లు మాస్టారు తనిఖీ గురించి చెప్పినదానికి నేను చేర్చగలిగేది లేదు. కొలత గురించి రాస్తాను. నేను ఇంజనీరింగ్ విద్యార్థులకు హైవోల్టేజి ప్రయోగశాల పాఠాలు చెబుతాను.

మేడం గారు అడిగిన సెన్సర్లు ఉన్నాయి, చాలాకాలంగా ఉన్నాయి కూడా. ఇబ్బంది ఏమిటంటే మనం ఒకే పిడుగు అని పిలిచేదానిలో ఒకదానికొకటి పోలిక లేని రెండు కరెంట్లు ఉంటాయి. విమానాల రూపకల్పనకు వాడే ప్రమాణ తరంగ రూపాలు చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి ఉరుకు, దాన్ని ‘ఏ’ భాగం అంటారు, 2,00,000 ఆంపియర్ల శిఖరానికి వెళ్లి 500 మైక్రోసెకన్లలోపే అయిపోతుంది. ఇది కావాలని తీవ్రంగా పెట్టుకున్న హద్దు. నేల మీద పడే పిడుగుల మొదటి దెబ్బ సాధారణంగా 30,000 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ తరువాత వచ్చే ‘సీ’ భాగం మాత్రం 200 నుంచి 800 ఆంపియర్లే, కానీ పావు సెకను నుంచి ఒక సెకను దాకా నిలకడగా పారి మొత్తం 200 కూలుంబుల ఆవేశాన్ని మోస్తుంది. ఉరుకు దెబ్బకు అతుకులు అదురుతాయి, సన్నని తీగలు పేలిపోతాయి, లోపలి వైర్లలో వోల్టేజి పుడుతుంది. రేకుకు చిల్లు పెట్టేది, రివెట్టు తల కరిగించేది మాత్రం ఎక్కువగా ఆ నెమ్మది కరెంటే. వెల్డింగు చేసేవారికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇప్పుడు రోగోవ్‌స్కీ చుట్టను తీసుకుందాం. వంగే గొట్టం మీద సమంగా చుట్టిన రాగి తీగను కరెంటు పారే భాగం చుట్టూ దండలా వేస్తాము. మధ్యలో ఇనుము లేదు కాబట్టి ఎంత కరెంటు పారినా అది సంతృప్తం కాదు, పిడుగు కొలతలో దానికి ఇంత ఆదరణ అందుకే. అయితే దాని చివరల మధ్య వచ్చే వోల్టేజి కరెంటుకు అనుపాతంలో ఉండదు, కరెంటు మారే వేగానికి అనుపాతంలో ఉంటుంది. ఒక లెక్క వేసి చూడండి. కరెంటు మారే వేగానికి చుట్టలో ఎంత వోల్టేజి వస్తుందో చెప్పే అంకెను అన్యోన్య ప్రేరకత్వం అంటారు, అది ఒక నానోహెన్రీ ఉన్న చుట్ట అనుకుందాం. తీవ్రమైన ఉరుకులో కరెంటు సెకనుకు పదివేల కోట్ల ఆంపియర్ల వేగంతో పెరుగుతుంది, అప్పుడు చుట్టలో 100 వోల్టులు వస్తాయి. నెమ్మది భాగంలో 500 ఆంపియర్లు అర సెకనులో తగ్గిపోతున్నాయంటే మార్పు వేగం సెకనుకు 1,000 ఆంపియర్లు, చుట్టలో వచ్చేది ఒక మైక్రోవోల్టు. రెండింటికీ నిష్పత్తి పది కోట్లు. చుట్ట వెనక సమాకలనం చేసే వలయాన్ని పెట్టి అసలు కరెంటును తిరిగి రాబట్టవచ్చు గాని, మైక్రోవోల్టు స్థాయిలో ఆ వలయంలోని రొద, జారుడు దాన్ని మింగేస్తాయి. అంటే విమానానికి చిల్లు పెట్టే భాగాన్నే ఈ చుట్ట సరిగ్గా వినలేదు. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో విద్యార్థులు పట్టుకోవలసిన ముడి ఇదే.

పరిశోధన విమానాల మీద దీనికి తోడుగా ఇంకా రెండు రకాల సెన్సర్లు వాడారు. రేకు మీద చిన్న లూపు పెట్టి అయస్కాంత క్షేత్రం మారే వేగాన్ని కొలిచే బీ-డాట్, చిన్న లోహపు గుండీ వంటిది పెట్టి విద్యుత్ క్షేత్రం మారే వేగాన్ని కొలిచే డీ-డాట్. అమెరికాలో నాసా వారి లాంగ్లీ కేంద్రం ఎఫ్-106బీ అనే యుద్ధవిమానాన్ని ఇటువంటి సెన్సర్లతో నింపి 1980 నుంచి 1986 వరకు కావాలనే ఉరుముల మబ్బుల్లోకి పంపింది. ఆ విమానానికి 714 సార్లు పిడుగు తగిలింది. పిడుగు తగిలే విమానమే దాన్ని పుట్టిస్తుందన్న విషయం బలపడింది ఆ రికార్డుల వల్లే. అయితే ఆ దెబ్బల్లో ఎక్కువ భాగం చాలా ఎత్తున, గడ్డకట్టే చలిలో తగిలాయి. ప్రయాణికుల విమానాలకు ఎక్కువగా తగిలేది ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఉండే ఎత్తులో, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. వానాకాలంలో మన డెల్టా మీద ఆ ఎత్తు సుమారు 5 కిలోమీటర్లు ఉంటుంది, మేడం గారి విమానం దిగుతూ దాటి వచ్చిన పొర అదే అయివుండాలి.

సమాధానం: భీమవరం సబ్‌స్టేషన్

అయ్యా, నేను సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గర పిడుగు కరెంటును భూమిలోకి పంపే ప్రతి లైట్నింగ్ అరెస్టర్ కింద, అది ఎన్నిసార్లు పనిచేసిందో లెక్కపెట్టే ఒక సర్జ్ కౌంటర్ ఉంటుంది. ఉరుములు వచ్చిన రాత్రి మర్నాడు పొద్దున్నే అంకె ఎంత పెరిగిందో చూసి లాగ్ బుక్కులో రాస్తాము. బ్యాటరీ కూడా అక్కర్లేదు, ఏళ్ల తరబడి వానలో ఎండలో పనిచేస్తుంది. ఇంత సులువైన వస్తువును విమానానికి ఎందుకు పెట్టకూడదు?

సమాధానం: కాకినాడ హెచ్‌వీ ల్యాబ్

మంచి ప్రశ్న వేశారు. మీ కౌంటర్ పనిచేయడానికి కారణం అరెస్టర్ నుంచి భూమికి ఒకే ఒక తీగ ఉండటం. పిడుగు ఎక్కడ పడినా ఆ తీగలోంచే పోవాలి. విమానానికి అటువంటి ఒంటి తోవ లేదు, ఒళ్లంతా తోవే. పైగా కౌంటర్ ఎన్నిసార్లు అన్నది చెబుతుంది గాని ఎంత అన్నది చెప్పదు.

మీరు చెప్పినంత సులువైన వస్తువు ఒకటి మాత్రం ఉంది, అయస్కాంతపు లింకు. చిన్న ఉక్కు ముక్కలను కరెంటు పారే చోట పెడితే, పిడుగు శిఖర కరెంటును బట్టి అవి అయస్కాంతం పట్టి అలాగే ఉండిపోతాయి, తరువాత తీసి ఎంత పట్టాయో కొలుస్తారు. మీ ట్రాన్స్‌మిషన్ టవర్ల మీద పూర్వం ఇవే వాడేవారు. అదే సూత్రంతో అయస్కాంతపు పట్టీ ఉన్న కార్డులు కూడా వచ్చాయి. వాటికి శిఖరం ఒక్కటే తెలుస్తుంది, అర సెకను సాగిన నెమ్మది కరెంటు సంగతి తెలియదు, అంటే చుట్టకు ఉన్న లోపమే ఇంకో రూపంలో ఉంటుంది.

ఈ లోపాన్ని దాటించే దారి కాంతి తంతువు. ఇంటర్నెట్ కోసం మన ఊళ్లలో స్తంభాల మీద లాగుతున్న ఫైబర్ వంటిదే. అయస్కాంత క్షేత్రం వెంబడి కాంతి ప్రయాణిస్తే దాని ధ్రువణ తలం, అంటే కాంతి తరంగం ఊగే తలం, కొంచెం తిరుగుతుంది, దీన్ని మైఖేల్ ఫారడే 1845లో కనిపెట్టాడు. తంతువును విమానం శరీరం చుట్టూ పూర్తి చుట్టు వేస్తే, ఆ తిరుగుడు చుట్టు లోపల పారే మొత్తం కరెంటుకు నేరుగా అనుపాతంలో ఉంటుంది, కరెంటు మధ్యలోంచి పోయినా అంచులోంచి పోయినా తేడా రాదు. ఇక్కడ మార్పు వేగంతో సంబంధం లేదు. నిలకడగా పారే కరెంటు కూడా కనిపిస్తుంది. గాజు కాబట్టి పిడుగు దానిలోకి దూరదు, లోపలి పరికరాలకు వోల్టేజి మోసుకుపోదు. నాసా లాంగ్లీలోనే ఇటువంటి సెన్సర్లను విమానాల కోసం తయారుచేసి పరీక్షించారు.

ఇందులో కష్టం ఎక్కడుందో కూడా అంకెల్లోనే చూడండి. 1310 నానోమీటర్ల కాంతికి మామూలు గాజు తంతువులో ఒక చుట్టుకు ఒక ఆంపియర్ తెచ్చే తిరుగుడు సుమారు ఒక మైక్రోరేడియన్. 2,00,000 ఆంపియర్లకు 0.2 రేడియన్, అంటే 11 డిగ్రీల పైచిలుకు, హాయిగా కొలవవచ్చు. 500 ఆంపియర్లకు మాత్రం డిగ్రీలో నూరింట మూడు వంతులే. విమానం అదురు, చలికీ వేడికీ తంతువులో వచ్చే ఒత్తిడి, వంపులు కూడా ధ్రువణాన్ని అంతో ఇంతో తిప్పుతాయి. అందుకని తయారీలోనే మెలితిప్పిన ప్రత్యేక తంతువులు వాడతారు. చుట్టులు పెంచినా, తరంగదైర్ఘ్యం తగ్గించినా తిరుగుడు పెరుగుతుంది.

ఎక్కడ తగిలిందన్న ప్రశ్నకు ఈ చుట్టులు కొంతవరకు జవాబు చెప్పగలవు. ముక్కు వెనక ఒకటి, రెక్కల మొదట్లో ఒక్కొక్కటి, తోక ముందు ఒకటి వేస్తే, దేనిలో ఎంత పారిందో చూసి కరెంటు ముక్కు నుంచి తోకకు పోయిందా, రెక్క నుంచి రెక్కకు పోయిందా అన్నది తేల్చవచ్చు. కానీ ఏ రివెట్టు మీద అన్నది చెప్పలేవు.

సమాధానం: పాలకొల్లు హ్యాంగర్

ప్రతి విమానానికీ ఎందుకు పెట్టరన్న ప్రశ్నకు నా అనుభవంలోని మాట చెబుతాను. విమానంలో ఏ వస్తువు పెట్టినా దాని బరువు మోయాలి, దాన్ని కూడా తనిఖీ చేయాలి, అది తప్పు చెబితే ఏమవుతుందో ముందే నిరూపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, సెన్సర్ కరెంటు తక్కువే అని చెప్పినంత మాత్రాన తనిఖీ వదిలేయమని మాన్యువల్ చెప్పదు, చెప్పకూడదు కూడా. చిన్న కరెంటు కూడా తప్పు చోట నిలబడితే చిల్లు పెడుతుంది. 1963 డిసెంబరు 8న అమెరికాలో ఎల్క్‌టన్ దగ్గర బోయింగ్ 707 విమానం రెక్కలోని ఇంధనపు ఆవిరి పిడుగుకు అంటుకుని 81 మంది చనిపోయారు. ఇంధన ట్యాంకుల చుట్టూ ఇప్పుడున్న కట్టుదిట్టాల్లో చాలావరకు ఆ ప్రమాదం తరువాత బిగించినవే. అందుకే విమానం కట్టేవారు కొలత కన్నా రక్షణ మీదే ఖర్చు పెడతారు.

అయినా సెన్సర్ల వల్ల మా పనికి మేలు లేదని నేను అనను. సగం బరువు కార్బన్ ఫైబర్‌తో చేసిన బోయింగ్ 787 వంటి విమానాల్లో ఆ మేలు ఎక్కువ. కార్బన్ ఫైబర్ పొర అల్యూమినియంలా కరెంటును సులువుగా పారనివ్వదు, అందుకని పైపొరలో రాగి జాలీ పరుస్తారు. అక్కడ రంగు మీద చిన్న మచ్చే కనిపించి, లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. నాణెంతో తట్టి చప్పుడు వినాలి, అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ పెట్టాలి. కరెంటు కుడిరెక్కలోకి పోనేలేదని నమ్మకంగా చెప్పే సెన్సర్ ఉంటే, ఏ వైపు ముందు నిచ్చెన వేయాలో మాకు తెలుస్తుంది.

సమాధానం: రిగ్గు కాంటీన్ అబ్బాయి

నేను సముద్రంలో రిగ్గు మీద పనిచేస్తాను, డ్యూటీ మారినప్పుడల్లా రాజమహేంద్రవరం నుంచి హెలికాప్టర్‌లో వెళ్తాము. విమానాల సంగతే అందరూ రాస్తున్నారు, హెలికాప్టర్‌కు పిడుగు తగిలితే ఎలా ఉంటుందో పెద్దలు చెప్పగలరా?

సమాధానం: పాలకొల్లు హ్యాంగర్

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి రికార్డులో ఉన్న సంఘటనే ఒకటి ఉంది. 1995 జనవరి 19న స్కాట్లండ్‌లోని అబర్డీన్ నుంచి ఉత్తర సముద్రంలోని చమురు క్షేత్రానికి 18 మందితో వెళ్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్‌కు పిడుగు తగిలి, తోక రోటరు రెక్క ఒకటి దెబ్బతిన్నది. రెక్క బరువు తప్పడంతో తోక అదిరి అదిరి చివరకు పనిచేయడం మానేసింది. పైలట్లు అలల మీద దించారు, 18 మందీ తెప్ప ఎక్కి బతికారు. తిరిగే రెక్కలో ఎంత కరెంటు పారిందో బయట నుంచి కొలవడం చాలా కష్టం. అందుకే అక్కడ కొలత కన్నా, ఉరుముల మబ్బు ఉన్నప్పుడు బయలుదేరకపోవడమే మేలు. మీ వాళ్లు డ్యూటీ మార్పు ఆలస్యం చేస్తే విసుక్కోవద్దు.

ప్రశ్న వేసినవారి మాట: రాజోలు ఫిజిక్స్ మేడం

అందరికీ మనసారా కృతజ్ఞతలు. వంద వోల్టులు, ఒక మైక్రోవోల్టు లెక్కను నిన్న బోర్డు మీద వేస్తే వెనక బెంచీ పిల్లలు కూడా పుస్తకాలు తీశారు. ఇది చేసి చూపించడానికి మా ప్రయోగశాలలో వీలవుతుందా, కాకినాడ మాస్టారూ? మా దగ్గర ఒక పాత ఆసిలోస్కోపు ఉంది.

సమాధానం: కాకినాడ హెచ్‌వీ ల్యాబ్

తప్పకుండా వీలవుతుందండి. ముందుగా ఒక మాట: ఉరుములు ఉన్నప్పుడు ఆరుబయట గాని, యాంటెన్నాకు కట్టి గాని ఏ ప్రయోగమూ వద్దు. 12 వోల్టులతోనే అంతా కనిపిస్తుంది.

ఒక సెంటీమీటరు లావున్న ప్లాస్టిక్ గొట్టం అర మీటరు తీసుకుని, ఎనామిల్ పూసిన సన్న రాగి తీగను దాని మీద 500 చుట్లు సమంగా చుట్టించండి. చివరకు వచ్చిన తీగను గొట్టం లోపలి నుంచే మొదటికి వెనక్కి తేవాలి. ఈ ఒక్క పని మరిచిపోతే చుట్ట మొత్తం ఒక పెద్ద లూపులా మారి గదిలోని ఫ్యాన్ల రొదనంతా పట్టుకుంటుంది. 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 12 వోల్టులకు చార్జి చేసి, ఒక ఓమ్ నిరోధం ద్వారా, చుట్ట మధ్యలోంచి పోయే వైరులోకి ఒక్కసారిగా వదలండి. కరెంటు సుమారు 12 ఆంపియర్లకు ఎగిరి, ఐదు మిల్లీసెకన్ల కాలస్థిరాంకంతో తగ్గుతుంది. ఈ చుట్ట అన్యోన్య ప్రేరకత్వం దాదాపు 100 నానోహెన్రీలు. మీట పడిన క్షణాన, మైక్రోసెకను పాటు, వోల్టు దరిదాపుల్లో ఒక ముల్లు కనిపిస్తుంది. ఆ తరువాత కరెంటు ఇంకా పారుతూనే ఉన్నా చుట్ట ఇచ్చేది పావు మిల్లీవోల్టే, మీ ఆసిలోస్కోపులో గీత నేలకు అంటుకున్నట్టే ఉంటుంది. నిరోధం చివరల మధ్య రెండో ప్రోబ్ పెడితే అసలు కరెంటు ఎంతసేపు పారిందో పక్కనే కనిపిస్తుంది.

అది అయ్యాక వైరును చుట్ట లోపలి నుంచి తీసి, చుట్టను ఆనుకుని పక్కగా పెట్టి మళ్లీ మీట వేయించండి. ముల్లు దాదాపు మాయమవుతుంది. ఒక రెక్క కొన నుంచి రెండో రెక్క కొనకు పోయిన పిడుగు తోక చుట్టూ వేసిన చుట్టకు ఎందుకు కనిపించదో అప్పుడు పిల్లలనే చెప్పమనండి.